మోరీల మీద ఫ్రీజోన్

2009 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు పోలీసు కొలువుల్లో హైదరాబాద్‌ను ఫ్రీజోన్ చేసినప్పుడు తెలంగాణ భగ్గుమన్నది. సిద్దిపేట ఉద్యోగ గర్జన నుంచి ఉస్మానియా హాస్టళ్ల దాకా ఒక్కటే మాట: హైదరాబాద్ మాది, ఇక్కడ ఎవరంటే వాళ్లు ఎట్లంటే అట్ల చొరబడితే సహించం. ఆ కొట్లాటలో గెలిచినం. 14-ఎఫ్ పోయింది. 2014 జూన్ 2న రాష్ట్రమే వచ్చింది. కానీ ఇదే నగరంలో ఇంకో ఫ్రీజోన్ ఇప్పటికీ నడుస్తున్నది. అది నేల మీదా, నేల కిందా నడుస్తున్న ఫ్రీజోన్. ఏ గల్లీలో ఏమి కట్టాలె, ఎన్ని అంతస్తులు లేపాలె, ఆ కట్టడంలోంచి వచ్చే మురుగు ఏ పైపులోకి పోవాలె, ఆ పైపును ఎవరు చూడాలె? ఈ నాలుగు ప్రశ్నలకు నాలుగు ఆఫీసులు తలో జవాబు చెబుతాయి. మోరి పొంగిన నాడు మాత్రం ఒక్క ఆఫీసూ జవాబు చెప్పదు.

ఉద్యోగికి జోన్ అంటే 1975 ప్రెసిడెన్షియల్ ఆర్డర్ గుర్తుకొస్తుంది. ఆరు జోన్లు, లోకల్, నాన్‌లోకల్, 610 జీవో. భూమికి కూడా జోన్లుంటాయి. ఇది నివాస ప్రాంతం, ఇది వ్యాపార ప్రాంతం, ఇది కార్ఖానాల ప్రాంతం అని మాస్టర్ ప్లాన్‌లో రంగులు వేసి చూపిస్తారు. ఉద్యోగాల జోన్‌ను ఎట్ల ఉల్లంఘించారో మనకు తెలుసు. భూమి జోన్‌ను కూడా అట్లనే ఉల్లంఘించారు. దాని ఫలితం కాగితాల్లో కనబడదు. అబిడ్స్‌లో, నాంపల్లిలో మ్యాన్‌హోల్ మూతల సందుల్లోంచి పైకి తన్నుకొస్తుంది.

ఈ రెండు చోట్లూ మనకు కొత్త కావు. గన్‌పార్కు స్తూపం ఇక్కడికి కూతవేటు దూరం. టీఎన్‌జీవోల భవనం నాంపల్లిలో ఉన్నది. పల్లె నుంచి రైలెక్కిన పిల్లగాడు నాంపల్లి స్టేషన్‌లోనే దిగి, అబిడ్స్ ఆదివారం పుస్తకాల ఫుట్‌పాత్ మీదనే గ్రూప్స్ గైడ్లు కొనుక్కున్నాడు. చిరాగ్ అలీ లేన్, జగదీశ్ మార్కెట్, తిలక్ రోడ్, ట్రూప్ బజార్, బజార్‌ఘాట్ గల్లీల్లో నడవని ఉద్యమకారుడు లేడు. ఈ గల్లీల కింద ఏమున్నదో ఆలోచించిన సర్కారు మాత్రం అరుదు.

ఈ గల్లీల కిందున్నది ఊరికే పుట్టలేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నది. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను ఆపే జలాశయాలతో పాటు నగరానికి భూగర్భ డ్రైనేజీ కూడా ఉండాలని ఆయన చెప్పారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను విప్పి, రోడ్లు వేసి, గాలి వెలుతురున్న ఇళ్లు కట్టించింది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ ఆ బోర్డు కట్టిందే. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. జలమండలి చెప్పే లెక్క ప్రకారం నగర మురుగు వ్యవస్థ 1931లో 54 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణానికి, 4.68 లక్షల జనాభాకు ఏర్పాటైంది. రాజును కీర్తించడానికి ఈ సంగతి రాయడం లేదు. ఆ పైపులకు పైసలు వచ్చింది తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతు కట్టిన శిస్తులోంచి. "హైదరాబాద్‌ను మేమే అభివృద్ధి చేసినం" అని సమైక్య పాలకులు గప్పాలు కొట్టిన రోజుల్లో ఈ పత్రికలు అడిగిన ప్రశ్న ఇదే: మీరు రాకముందే నేల కింద మోరి వేసిన నగరానికి మీరు నేర్పిన నాగరికత ఏమిటి?

వాళ్లు చేసింది ఒకటుంది. పాత పైపుల మీద కొత్త అంతస్తులు లేపారు. 2006 మార్చిలో వచ్చిన 86 నంబర్ జీవో ఎఫ్ఎస్ఐ హద్దును ఎత్తేసింది. స్థలం మీద ఇంత నిర్మాణమే ఉండాలనే పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే జాగా, ఎత్తు చూసి అంతస్తులు ఇవ్వడం మొదలైంది. 2012లో వచ్చిన 168 జీవో కూడా ఆ బాటలోనే నడిచింది. రోడ్డు వెడల్పు టేపు పెట్టి కొలుస్తారు. రోడ్డు కింద పైపు వెడల్పు అంతస్తులు తేల్చే లెక్కలోనే లేదు. ఒక పాత బంగ్లా ఉన్నచోట ఐదంతస్తుల వాణిజ్య సముదాయం లేస్తే వాడకందారులు పది మంది నుంచి వెయ్యి మంది అవుతారు. పైపు మాత్రం తాతల నాటిదే. ఇక అనుమతి లేకుండా లేచిన అంతస్తుల సంగతి చెప్పనక్కర్లేదు. 2007 డిసెంబర్ 31న 901 జీవోతో బీపీఎస్ వచ్చింది. జరిమానా కట్టు, సక్రమం చేయించుకో అన్నారు. 2015లో మన సొంత రాష్ట్రంలో 152 జీవోతో బీఆర్ఎస్ అనే క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. పేరులో ఒక అక్షరం మారింది, ఆలోచన మారలేదు. జరిమానా కట్టిన అంతస్తు సక్రమం కావచ్చు. దాని కింద పగిలిన పైపు కూడా సక్రమమవుతుందా?

రోగం ఇంకా లోతుగా ఉన్నది. 1989లో ప్రత్యేక చట్టం చేసి నీళ్లు, మురుగు రెండింటినీ జలమండలికి అప్పజెప్పారు. దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. కట్టడాల అనుమతి, భూ వినియోగం మీద నిఘా బల్దియా చేతిలో మిగిలింది. భూ వినియోగం మార్చాలంటే ఫైలు సచివాలయానికి పోవాలె. కాలుష్యం సంగతి పీసీబీది. వాననీటి నాలా బల్దియాది, మురుగు పైపు జలమండలిది. వాన పడితే రెండు నీళ్లూ కలిసిపోతాయి, రెండు ఆఫీసులు విడిపోతాయి. ఇది మావాళ్ల పని కాదు అని ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు చూపిస్తారు. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు చేర్చింది. పట్టణ ప్రణాళిక, భూ వినియోగ నియంత్రణ, నీటి సరఫరా, పారిశుధ్యం అన్నీ అందులో ఉన్నాయి. అన్నీ ఒకే స్థానిక ప్రభుత్వం చేతికి అప్పజెప్పవచ్చని రాజ్యాంగం దారి చూపింది. హైదరాబాద్‌లో ఆ దారి తొక్కలేదు. నల్లా బిల్లులో నీటి చార్జీ మీద 35 శాతం మురుగు సెస్ వసూలు చేస్తూ వచ్చిన సంస్థను మన కార్పొరేటర్ నిలదీయలేడు. నిలదీయగలిగిన బల్దియాకు పైపు మీద అధికారం లేదు.

పోనీ ఆ కార్పొరేటరైనా ఎప్పుడూ ఉన్నాడా? 1986లో ఎన్నికైన పాలకవర్గం గడువు 1991లో తీరింది. మళ్లీ ఎన్నికలు 2002 జనవరిలో. నడుమ పదేళ్లకు పైగా స్పెషల్ ఆఫీసర్ల రాజ్యం. 2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి గ్రేటర్ చేశారు. దానికి ఎన్నికలు 2009 నవంబర్‌లో గాని జరగలేదు. ఆ పాలకవర్గం 2014 డిసెంబర్‌లో దిగిపోతే, సొంత రాష్ట్రంలో కూడా 2016 ఫిబ్రవరి దాకా ఆగవలసి వచ్చింది. 2025 డిసెంబర్‌లో ఇంకో 27 పురపాలికలను కలిపారు. నగరం పటం పెంచడానికి ఒక్క సంతకం చాలు. పటం పెరిగిన ప్రతిసారీ ఓటరుకూ మ్యాన్‌హోల్‌కూ మధ్య దూరం కూడా పెరుగుతున్నది.

ఈ దూరానికి ధర ఎంతో కళ్లారా చూసినం. 2022 డిసెంబర్ 23న గోషామహల్ చాక్నావాడిలో నాలా మీది స్లాబు కుంగింది. ఆ రోజు అక్కడ వారపు అంగడి. బండ్లు, దుకాణాల సామాన్లు, మనుషులు నాలాలో పడ్డారు. నాలా మీద రోడ్డుంది, రోడ్డు మీద అంగడుంది, వాహనాల బరువుంది. ఆ స్లాబు ఎంత బరువు మోస్తుందో ఏటా చూసి రాసే రిజిస్టరు ఉండి ఉంటే అంగడి నాడు కుంగేదాకా ఎందుకు వచ్చేది?

2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు అంటుకున్నది. కనీసం తొమ్మిది మంది చనిపోయారు. పైన కుటుంబాలు కాపురముంటున్నాయి. కింది భాగంలో రసాయనాల డ్రమ్ములు నిలువ ఉంచారు. కుటుంబాలుండే ఇంటి కింద గోదాం నడుస్తుంటే జోనింగ్ నియమం ఎక్కడ నిద్రపోతున్నది? అది మంట ప్రమాదం, మురుగుతో ఏమి సంబంధం అని ఎవరైనా అనవచ్చు. సంబంధం ఉన్నది. ఇంటి కింద ఏమి పెట్టారో చూడని కన్నే ఇంటి కింద మోరీలోకి ఏమి వదులుతున్నారో కూడా చూడదు. హోటల్ వంటింటి నూనె, మిఠాయి దుకాణం డాల్డా, మెకానిక్ షెడ్డు గ్రీజు అన్నీ చల్లబడి పైపులో గడ్డకడతాయి. వాటికి ప్లాస్టిక్ సంచులు, కట్టడాల ఇసుక తోడైతే పైపు బిగుసుకుపోతుంది. మురుగు కదలకుండా నిలిస్తే విషవాయువు పుడుతుంది. అది సిమెంటు పైపు పైకప్పును తినేస్తుంది. ఒకనాడు రోడ్డు కుంగుతుంది. హోటళ్లు, బేకరీలు మట్టి, జిడ్డు ఆపే సిల్ట్ చాంబర్లు కట్టుకోవాలని జలమండలి నోటీసులిస్తుంది. లైసెన్సు ఇచ్చేది బల్దియా. చాంబర్ లేని హోటల్‌కు లైసెన్సు ఆగిందా లేదా అని రెండు ఆఫీసుల కాగితాలు పక్కపక్కన పెట్టి చూసే ఏర్పాటు బస్తీవాళ్లకు అందుబాటులో లేదు.

2025 సెప్టెంబర్ 14 రాత్రి నాంపల్లి నియోజకవర్గంలోని అఫ్జల్‌సాగర్ నాలాలో ఇద్దరు కొట్టుకుపోయారు. ఇద్దరూ ఒకే కుటుంబానికి బంధువులు. నాలా అంచున ఇల్లెందుకు కట్టుకున్నారు అని ఏసీ గదుల్లో అడిగేవాళ్లున్నారు. కూలి చేసి బతికేవాడికి పనికి దగ్గరగా దొరికే జాగా అదే కనుక కట్టుకున్నాడు. 2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడే హెచ్చరిక వచ్చింది. 2003లో కిర్లోస్కర్ నివేదిక వచ్చింది. 2020 అక్టోబర్ వరద వచ్చింది. 2024 జూలైలో 99 జీవోతో హైడ్రా వచ్చింది. బుల్డోజర్ రావడానికి గంట పడుతుంది. పేదవాడికి అదే పేటలో ఇల్లు రావడానికి ఎన్నేళ్లు? నాలాను ఆక్రమించిన పెద్ద కట్టడానికి అనుమతిచ్చిన సంతకం ఎవరిదో తేల్చకుండా, రేకుల ఇంటిని మాత్రమే నేలమట్టం చేస్తే అది తనిఖీ కాదు, దౌర్జన్యం.

ఇక మోరీలోకి దిగే మనిషి. మనుషులతో మలమూత్రాలు ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా మురుగు కాల్వల్లోకి దింపడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ నడుమ 2016లో ఒక్క మాధాపూర్ అయ్యప్ప సొసైటీ మ్యాన్‌హోల్‌లోనే నలుగురు ఊపిరాడక చనిపోయారు. 2017లో జలమండలి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దింపింది. అది మంచి పని. అయినా యంత్రం పోలేని గల్లీ ఉన్నంతకాలం, కాంట్రాక్టరు మీద కాంట్రాక్టరు ఉన్నంతకాలం ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు. ఆ దిగేవాళ్లు ఏ కులంవాళ్లో చెప్పాల్సిన పని లేదు. సకల జనుల సమ్మె చేసినం. ఆ సకల జనుల్లో తాడు కట్టుకుని మోరీలోకి దిగేవాడు కూడా ఉన్నాడు.

కొత్త రాష్ట్రంలో ఏమీ జరగలేదని మేము అనడం లేదు. నగరంలో రోజూ పుట్టే 165 కోట్ల లీటర్ల మురుగులో 77 కోట్ల లీటర్లే శుద్ధి అవుతున్నాయని 2021లో సర్కారే ఒప్పుకుని, 3,866 కోట్లతో 31 కొత్త శుద్ధి కేంద్రాలకు అనుమతిచ్చింది. గోషామహల్, నాంపల్లి వైపు పాత పైపులు మార్చడానికి 2022లో 297 కోట్ల జోన్-3 పని మొదలుపెట్టింది. 2023 జూన్‌లో 150 వార్డు ఆఫీసులు తెరిచారు. టౌన్ ప్లానింగ్ ఉద్యోగి, జలమండలి ఉద్యోగి ఒకే కప్పు కింద కూర్చోవాలన్నారు. ఆలోచన సరైనదే. కానీ ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన సరిపోదు. ఇద్దరి రిజిస్టరు ఒకటి కావాలె. ఒకరి సంతకం లేకుండా ఇంకొకరి సంతకం చెల్లకూడదు. ఆ పని జరగలేదు. పైగా 2020 టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు ఇంటికి రూపాయితో రిజిస్ట్రేషన్ చాలన్నది. 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు దాకా యజమాని స్వీయ ధ్రువీకరణ ఇస్తే వెంటనే అనుమతి అన్నది.

చిన్న ఇంటివాడిని ఆఫీసుల చుట్టూ తిప్పకపోవడం మంచిదే. తనిఖీ అంటే మామూళ్లే కదా, మళ్లీ ఇన్‌స్పెక్టర్ల రాజ్యం ఎందుకు అని అడిగే మిత్రులున్నారు. వాళ్ల భయం అబద్ధం కాదు. నాలుగు గోడల మధ్య జరిగే తనిఖీ మామూలుకే దారి తీస్తుంది. మేము కోరేది గోడ మీద అంటించే తనిఖీ. ఏ ఇంటిని ఏ తేదీన ఎవరు చూశారు, ఏమి రాశారు, ఎప్పటికి సరిచేయమన్నారు అన్నది వార్డు ఆఫీసు గోడ మీద ఉంటే మామూలు ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ ఇద్దరికీ చలిజ్వరమే. అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడగండి. మసాచుసెట్స్‌లో సొంత సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇల్లు అమ్మాలంటే 1995 నుంచి టైటిల్ 5 అనే నియమం కింద ఆ ట్యాంకును తనిఖీ చేయించాలె. ఆ తనిఖీ కాగితం స్థానిక ఆరోగ్య బోర్డుకు చేరుతుంది. అక్కడ ఇల్లు కొనే ముందు మోరి కాగితం అడిగే మన పిల్లలు, ఇక్కడ ఫ్లాటు కొనేటప్పుడు వాస్తు మాత్రమే ఎందుకు అడుగుతున్నారు? అడిగినా ఇచ్చేవాడు లేడు కనుక.

ఇప్పుడు ముందుకొచ్చిన పరీక్ష గోషామహల్‌లోనే ఉన్నది. 2020 జూలైలో ఉస్మానియా దవాఖాన వార్డుల్లోకి వాననీళ్లు, మురుగునీళ్లు వచ్చి రోగుల మంచాల కింద నిలిచాయి. ఆ సిగ్గుమాలిన రోజు తర్వాత కొత్త దవాఖాన కావాలన్న డిమాండు ఇంకా బలపడ్డది. 2025 జనవరి 31న గోషామహల్ పోలీసు స్టేడియం జాగాలో రెండు వేల పడకల కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన జరిగింది. పేదల దవాఖాన లేవాల్సిందే. అందులో మాకు రెండో మాట లేదు. ఆటస్థలంగా ఉన్న 26 ఎకరాలు దవాఖాన అయితే నీటి వాడకం ఎంత, మురుగు ఎంత, చాక్నావాడి నాలా మీద పడే వాననీరు ఎంత? లోపల శుద్ధి కేంద్రం పెడతారు, సరే. అది నెలనెలా సరిగా నడుస్తున్నదని చూసేది ఎవరు? ఆ లెక్క గోషామహల్, బేగంబజార్, జాంబాగ్ వాళ్ల ముందు తెలుగులో, ఉర్దూలో పెట్టాలె. దవాఖాన నుంచి వచ్చే మురుగు బస్తీ మీద పొంగితే, అందులో జబ్బుపడ్డవాళ్లు అదే దవాఖానలో వరుస కట్టాల్సి వస్తుంది.

610 జీవో ఉల్లంఘనల మీద ఉద్యోగ సంఘాలు ఏమి చేశాయో గుర్తు చేసుకోండి. ఊరికే అన్యాయం, అన్యాయం అనలేదు. శాఖల వారీగా లెక్క అడిగారు. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయించారు. లెక్క బయటికొచ్చాకనే దోపిడీకి పేరు దొరికింది. భూమి జోన్ల ఉల్లంఘనకు కూడా అట్లాంటి లెక్కే కావాలె. అబిడ్స్, నాంపల్లి నుంచే మొదలుపెట్టమని మేము అడుగుతున్నం.

ఒకటి, ప్రతి గల్లీ కింద పైపు ఎప్పటిది, ఎంత వెడల్పుది, ఎంత మురుగు మోయగలదు అన్న పటం వార్డు ఆఫీసులో పెట్టాలె. రెండు, భూ వినియోగం మార్పు, అదనపు అంతస్తు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఈ మూడింట్లో ఏదివ్వాలన్నా జలమండలి ఇంజినీరు, టౌన్ ప్లానింగ్ అధికారి కలిసి చూసి పేర్లతో సంతకాలు చేయాలె. మూడు, హోటళ్లు, హాస్టళ్లు, దవాఖానలు, మెకానిక్ షెడ్లు, గోదాములను ఏటా తనిఖీ చేసి ఫలితం గోడకెక్కించాలె. వార్డు కమిటీకి ఆ రిజిస్టరు అడిగే హక్కు చట్టంలో రాయాలె. నాలుగు, బీపీఎస్, ఎల్ఆర్ఎస్, ఇంపాక్ట్ ఫీజు, మురుగు సెస్ కింద ఈ ప్రాంతం నుంచి ఎంత వసూలైంది, ఈ ప్రాంతం పైపుల మీద ఎంత పెట్టారు అన్న శ్వేతపత్రం ఇవ్వాలె. ఐదు, నాలా అంచు పేదలకు అదే పేటలో ఇల్లు చూపించాకనే కదిలించాలె. ఆరు, మోరీలోకి మనిషిని దింపిన కాంట్రాక్టరుతో పాటు పని అప్పగించిన అధికారి మీద కూడా కేసు పెట్టాలె.

ఈ పని సర్కారు దానంతట అది చేయదు. రియల్ ఎస్టేట్ పెట్టుబడికి పార్టీ లేదు, ప్రాంతం లేదు. అది నిన్న సమైక్య పాలకుల పక్కన కూర్చున్నది. జెండాలు మారినా అది కుర్చీ ఖాళీ చేయలేదు. నిజాం కాలేజీ విద్యార్థులు ఒక సెలవురోజు ఒక్క గల్లీ పటం గీయండి. నాంపల్లిలో పనిచేసే ఉద్యోగులు తమ ఆఫీసు మురుగు ఎటు పోతున్నదో సమాచార హక్కు కింద ఒక్క దరఖాస్తు పెట్టండి. ఓటడగడానికి వచ్చినవాడిని మ్యాన్‌హోల్ దగ్గర నిలబెట్టి మాట్లాడించండి. నీళ్లు, నిధులు, నియామకాలు అని నినదించినం. ఆ నీళ్లలో మురుగునీళ్లు కూడా ఉన్నాయి. వాటి లెక్క తేలేదాకా ఈ నగరం పూర్తిగా మన చేతికి వచ్చినట్టు కాదు.